ఊటబావి మండలానికి జీన్ల టార్గెట్

మన దగ్గర టార్గెట్ ముందు వస్తుంది, మందు వెనక వస్తుంది. ఒక్కోసారి మందు దారిలోనే ఆగిపోతుంది, టార్గెట్ మాత్రం ఎన్నడూ బస్సు మిస్ కాలేదు. ఊటబావి మండలం హెల్త్ సూపర్‌వైజర్ సులోచనకు ఈ సంగతి అందరికన్నా బాగా తెలుసు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు కానీ, మరుగుదొడ్లు కానీ, మొక్కలు కానీ, దోమతెరలు కానీ, ఆవిడ సర్వీసులో చేరిన నాటి నుంచి నెలాఖరుకు ఊటబావి నూటికి నూరు. దోమతెరలు రాని సంవత్సరం కూడా నూటికి నూరే. అదెట్లా అని పైవాళ్లు ఏనాడూ అడగలేదు. అడిగే అలవాటున్న వాళ్లు పైకి వెళ్లరు కదా.

ఆఫీసులో ఇంత పేరున్న సులోచనకు ఇంట్లో ఒకటే బెంగ. అది ఆవిడ తల్లి ఐలవ్వ కళ్లు. ఐలవ్వ నలభై ఏళ్లు అంగట్లో కూరగాయలమ్మింది. ఎవరు ఎప్పుడు కొత్తిమీర ఊరికే అడిగారో మొహం చూసి చెప్పేది. ఇప్పుడు ఆ మొహాలే కనబడడం లేదు.

"మనిషి చెవులు కనబడ్తయి, చేతులు కనబడ్తయి, కట్టుకున్న చీర అంచు గూడ కనబడ్తది. నడుమ మొఖం మాత్రం ఎవరో తడిగుడ్డ పెట్టి తుడిచినట్టుంటది" అనేది. ఇది వయసుతో వచ్చే రోగమనీ, కంటి వెనక పొరలో సరిగ్గా నడిమి భాగం పాడవుతుందనీ, అద్దాలతో కుదిరేది కాదనీ పట్నం డాక్టరు చెప్పాడు. కొత్త మందేదో తయారవుతోందట. అది వచ్చేదాకా మిగిలిన చూపు నిలిస్తే అదే పదివేలన్నాడు.

ఆ మందు సంగతి చెప్పడానికే ఒకరోజు జిల్లా కేంద్రంలో పెద్ద మీటింగు పెట్టారు. మందు కనిపెట్టిన బృందంలోని డాక్టర్ శశాంక రాజధాని నుంచి వచ్చాడు. సన్నగా, మెల్లగా మాట్లాడే మనిషి. వేదిక మధ్యలో జిల్లా ప్రోగ్రాం అధికారి పురుషోత్తమరావు కూర్చున్నాడు. కూర్చున్నాడన్న మాటే కానీ, కళ్లు మూసుకుని లోతుగా ఆలోచిస్తున్నాడు. ఆలోచన గురకలోకి దిగబోతున్న సమయంలో డాక్టరు అసలు విషయానికి వచ్చాడు.

"వయసు మీద పడ్డాక కంటిలో ఒక జీన్ అదుపు తప్పుతుంది. మా మందు ఒంట్లో ఇంకెక్కడా వేలు పెట్టకుండా నేరుగా ఆ జీన్‌నే పట్టుకుంటుంది. దీన్నే మేం జీన్ టార్గెటింగ్ అంటాం."

సులోచన ముందుకు జరిగి కూర్చుంది. అది అచ్చంగా అమ్మ రోగమే. కానీ హాల్లో మిగతా వాళ్లకు వినబడింది ఒకే ఒక్క మాట. టార్గెట్ అనే శబ్దం చెవిన పడగానే నిద్రపోతున్న వాళ్లంతా లేచి పెన్నుల మూతలు తీశారు. పురుషోత్తమరావు కళ్లు తెరిచి నిటారుగా కూర్చున్నాడు.

"టార్గెట్ ఎంతండీ?" అన్నాడు.

"ఒకే జీన్ అండీ."

"ఒకటా? జిల్లాకొకటా, మండలానికొకటా?"

"అలా కాదండీ. ఏ రోగిలో అయినా అదే జీన్..."

"డాక్టర్‌గారూ, తమరు శాస్త్రవేత్తలు. ఒకటితో తృప్తిపడతారు. ప్రభుత్వం అలా తృప్తిపడడానికి వీల్లేదు. రేపు పక్క జిల్లా వాళ్లు రెండు చేసి చూపిస్తే మేం తల ఎక్కడ పెట్టుకోవాలి?"

"టార్గెట్ అంటే ఇక్కడ గురి అని అర్థమండీ."

"మేమూ అదే అంటున్నాం. గురిపెట్టి, యుద్ధప్రాతిపదికన, సంబంధిత శాఖలన్నిటి సమన్వయంతో సాధిద్దాం."

చప్పట్లు మోగాయి. డాక్టర్ శశాంక ఇంకేదో చెప్పబోయాడు కానీ, అప్పటికే ఆయన మెడలో శాలువా పడింది. శాలువా పడ్డాక మాట్లాడడం మన మీటింగుల్లో మర్యాద కాదు.

సాయంత్రానికల్లా 'జన్యు లక్ష్య సాధన యజ్ఞం' పుట్టింది. జనాభాను బట్టి మండలాలకు జీన్లు పంచారు. ఊటబావి వాటా రెండు వేల ఐదు వందలు. సర్క్యులర్ అన్ని శాఖలకూ వెళ్లింది. వారంలోగా విద్యాశాఖ స్పందించి, ఉపాధ్యాయులు బడికి జీన్లు తొడుక్కుని రావడం పూర్తిగా నిషేధించామనీ, ఆ మేరకు లక్ష్యం సాధించినట్టేననీ తెలిపింది. పశుసంవర్ధక శాఖ మరింత నిజాయితీగా, 'ఈ మండలమందు గుర్రములు లేనందున జీనుల సంఖ్య నిల్' అని రాసి సంతకం చేసింది.

సులోచనకు నవ్వు రాలేదు. ఆవిడ ధ్యాసంతా మందు మీదనే ఉంది. ఓ రోజు ధైర్యం చేసి పురుషోత్తమరావును అడిగింది.

"సార్, మందు ఎప్పుడొస్తది సార్?"

"మందు సంగతి మందు చూసుకుంటుందమ్మా. మీరు ముందు ప్రోగ్రెస్ చూపించండి. ప్రోగ్రెస్ చూపించిన మండలానికే మందు. ఇది పైనుంచి వచ్చిన విధాన నిర్ణయం."

"మందు లేకుంట ప్రోగ్రెస్ ఎట్లొస్తది సార్?"

"సులోచనగారూ, దోమతెరలు లేకుండా ఎట్లా వచ్చింది?"

 మర్నాడు పొద్దున టెలీకాన్ఫరెన్సులో సున్నా చెప్పిన మండలాలన్నిటికీ తిట్లు పడ్డాయి. సున్నా చెప్పినప్పుడల్లా పురుషోత్తమరావు, "సున్నా చెప్పడానికి నోరెలా వస్తోందండీ మీకు" అని బాధపడ్డాడు. పక్కనున్న పాలగుట్ట మండలం మాత్రం పద్నాలుగు శాతం చెప్పి శెభాష్ అనిపించుకుంది. ముసలాయన పేరు రాస్తే ముసలమ్మ జీను కూడా దానంతటదే వస్తుందని, జంటకు రెండు చొప్పున వాళ్లు లెక్కగట్టారట.

పాలగుట్ట ముందుకు పోవడం సులోచన తట్టుకోలేకపోయింది. ముప్పయ్యేళ్ల పరువు అది. దానికి తోడు ప్రోగ్రెస్ లేనిదే మందు రాదు, మందు రానిదే అమ్మకు చూపు రాదు. ఆలోచించి ఆలోచించి డాక్టర్ శశాంకకు ఫోన్ చేసింది.

"సారూ, ఒక్క మనిషిల ఎన్ని జీన్లుంటయి?"

ఆ ప్రశ్న అడిగిన మొదటి ఉద్యోగి ఆవిడే. పాపం ఆయన పొంగిపోయాడు. "సుమారు ఇరవై వేలమ్మా" అని, వాటి నిర్మాణం గురించి చాలాసేపు చెప్పాడు. ఆవిడ మొదటి ముక్క దగ్గరే ఆగిపోయింది. మండలం టార్గెట్ రెండు వేల ఐదు వందలు. మనిషికి ఇరవై వేలు. అంటే ఒక్క ముసలి ప్రాణం దొరికితే టార్గెట్‌కు ఎనిమిదింతలు.

ఎవరి పేరు రాయాలన్నది మరీ కష్టం కాలేదు. లేని రోగం ఎవరికో అంటగట్టడానికి ఆవిడకు మనసొప్పలేదు. రోగం నిజంగా ఉన్న మనిషి ఇంట్లోనే ఉంది. రేపు మందొస్తే పేరున్న వాళ్లకే కదా ముందు ఇస్తారు అనుకుంది.

"ఎందుకే ఈ వేలిముద్ర?" అంది ఐలవ్వ బొటనవేలు చాపుతూ.

"నీ కండ్లకేనే అమ్మా."

"కండ్లకైతే కండ్ల ముద్ర తీస్కోవాలె గని ఏలిదెందుకు?" అంది కానీ, అడిగినట్టే వేలు నొక్కింది.

మర్నాడు ఊటబావి ఎనిమిది వందల శాతంతో రాష్ట్రంలోనే మొదటి స్థానంలో నిలబడింది. కంప్యూటర్‌లో ఆకుపచ్చ రంగు సరిపోక దానికదే బంగారు రంగులోకి మారింది. పురుషోత్తమరావు స్వయంగా ఫోన్ చేశాడు. ఊటబావిని 'సంతృప్త మండలం'గా ప్రకటించామన్నాడు. సంతృప్త మండలమంటే ఏమిటి సార్ అని ఆవిడ అడిగితే, ఇక ఆ మండలానికి ఏదీ అవసరం లేనంత సంతృప్తి అన్నాడు. ఆ మాటలోని ప్రమాదం సంతోషంలో ఉన్న సులోచనకు అందలేదు.

నెల తిరక్కుండానే నిజంగా మందొచ్చింది. మంచుపెట్టెలో పెట్టుకుని డాక్టర్ శశాంకే జిల్లా ఆసుపత్రికి తెచ్చాడు. సులోచన తల్లిని వెంటబెట్టుకుని పోయింది. ఆయన ఐలవ్వ కళ్లలోకి దీపం వేసి చాలాసేపు చూశాడు.

"ఈ మందు సరిగ్గా ఈవిడ లాంటి వాళ్ల కోసమే చేసిందమ్మా. కానీ ఆలస్యం చెయ్యకూడదు. వర్షాకాలం దాటితే ఆ మిగిలిన పొర కూడా పోతుంది. ఆ తర్వాత నేనూ ఏమీ చెయ్యలేను" అన్నాడు.

కంప్యూటర్‌లో ఐలవ్వ పేరు కొట్టగానే ఎర్రటి అక్షరాలొచ్చాయి: లబ్ధిదారు సంతృప్తి చెందారు. సులోచన తల్లిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, డాక్టర్‌ను తీసుకుని పురుషోత్తమరావు గదికి ఉరికింది.

"మీ తల్లిగారు ఇరవై వేల జీన్ల మేరకు ఇప్పటికే లబ్ధి పొందారు. ఇంకో డోసంటే డబుల్ బెనిఫిట్. ఆడిట్ అభ్యంతరం వస్తుంది" అన్నాడాయన.

"సార్, అప్పుడు మందే రాలేదు కద సార్."

"అది మీకు తెలుసు, నాకు తెలుసు. కంప్యూటర్‌కు తెలియదు కదమ్మా."

"నేను తప్పు రాసిన సార్. మా అమ్మ పేరు తీసెయ్యుండ్రి. నన్నేమన్న అనుండ్రి, పడ్త."

"తీసేస్తే ఊటబావి సున్నా. ఊటబావి సున్నా అయితే జిల్లా కిందికి పోతుంది. జిల్లా పోతే రాష్ట్రం సగటు పడిపోతుంది. ఒక్క వృద్ధురాలి కంటి కోసం రాష్ట్రాన్ని కిందికి దించమంటారా? పైగా సాధించిన లక్ష్యం వెనక్కి వెళ్లే నిబంధన మన దగ్గర లేదు."

డాక్టర్ శశాంకకు ఓపిక నశించింది. "మందు వేయించుకోని మనిషికి రోగం ఎలా నయమైందండీ?"

"అదే కదా తమరి మందు గొప్పతనం. వేయకముందే పని చేసింది" అని ఆయనకు నమస్కారం పెట్టాడు పురుషోత్తమరావు. ఆ నమస్కారంలో వెటకారమేమీ లేదు. ఆయన నిజంగానే నమ్మాడు.

మందంతా ప్రోగ్రెస్ చూపించీ నూటికి నూరు చేరని మండలాలకు పంపాలని ఉత్తర్వులున్నాయి. పాలగుట్టలో జంటల లెక్కన రాసిన ముసలివాళ్లలో సగం మందికి కళ్లు శుభ్రంగా కనిపిస్తున్నాయి, మిగతా సగం మంది అసలు లేరు. కాబట్టి మందు అక్కడికి వెళ్లి ఫ్రిజ్‌లో భద్రంగా ఉండిపోయింది.

సులోచన బయటికొచ్చి బెంచీ మీద తల్లి పక్కన కూలబడింది. కన్నతల్లి కళ్లు తన చేతులతోనే పొడిచానే అని ఏడ్చింది. ఐలవ్వ తడుముకుంటూ కూతురి తల మీద చెయ్యి వేసి, "ఏడ్వకే, నాకు కనబడకపోయినా ఇనబడ్తది" అంది.

ఇంతలో ఇంకో పిడుగు పడింది. ఎనిమిది వందల శాతం సాధించిన మండలాన్ని సత్కరించడానికి మంత్రిగారు వస్తున్నారు. వేదిక మీద ఆదర్శ లబ్ధిదారు ఐలవ్వ. పురుషోత్తమరావు సులోచనను పిలిచి కార్యక్రమం వివరించాడు.

"మంత్రివర్యులు మీ తల్లిగారిని ఆప్యాయంగా 'నేను కనబడుతున్నానా' అని ప్రశ్నిస్తారు. 'దేవుడిలా కనబడుతున్నారు' అని ఆవిడ సమాధానమివ్వాలి. ఆరు రోజులు ప్రాక్టీసు చేయించండి. తేడా వస్తే మీ సస్పెన్షన్ ఆర్డర్ టైపు చేసే ఉంచాను, తేదీ ఒక్కటే వేయాలి."

సులోచన పరిస్థితి ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది. కనబడుతున్నారని అమ్మ అంటే నలుగురి ముందూ రోగం పోయినట్టే లెక్క, ఇక ఆ మందు జన్మలో రాదు. కనబడడం లేదంటే ముప్పయ్యేళ్ల నౌకరీ పోతుంది, పింఛను కూడా పోతుంది. ఇద్దరూ బతకాల్సింది దాని మీదే.

సభ రోజు జీపులో పోతుంటే ఐలవ్వే మాట ఎత్తింది.

"మంత్రి నాకు ఏ దిక్కు నిలబడ్తడే? కుడి దిక్కా, ఎడమ దిక్కా? చెప్తే గా దిక్కు మర్లి దండం పెడ్త. దేవుని తీర్గ ఉన్నవ్ అంట. అంగట్ల పుచ్చు వంకాయలను లేతయని అమ్మినదాన్ని, గీ ఒక్క మాట అనలేనా?"

"మల్ల నీ కండ్లు?"

"డెబ్బై ఎనిమిదేండ్లు చూసిన. సాలు. నీ నౌకరి కన్న ఎక్కువనా నా కండ్లు?"

  సులోచన తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వద్దమ్మా. నీకు ఏం కనబడ్తే గదే చెప్పు."

"నౌకరి పోతదేమోనే."

"పోతే పోనీ. ఇన్నేండ్లు లేనిది ఉన్నదని రాసుడే అయింది నా బతుకంత. నువ్వు గూడ గట్లనే చెప్తే ఇంక నాకెవలున్నరే నిజం చెప్పేటోళ్లు?"

వేదిక నిండా జనం. మంత్రిగారి చుట్టూ ఎమ్మెల్యేలు, అధికారులు, ఫోన్లెత్తి పట్టుకున్న వాళ్లు. ఐలవ్వను తెచ్చి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టారు. పురుషోత్తమరావు ఆవిడ జీన్ల సంఖ్యను మైకులో రెండుసార్లు చదివాడు. మంత్రిగారు కెమెరాల వైపు తిరిగి, ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు.

"అవ్వా, నేను కనబడుతున్ననా?"

ఐలవ్వ తలెత్తి చూసింది. తొందరపడలేదు. బేరం అడిగిన మనిషి మొహం చూసినట్టు నిదానంగా చూసింది.

"నీ చుట్టున్నోళ్లంత మంచిగ కనబడ్తున్నరు బిడ్డా. గా పక్కాయిన చేతిల పూలదండున్నది. ఈ పక్కాయిన నీ చెప్పులు పట్టుకున్నడు. ఎనుక ఒకాయిన గొడుగు పట్టిండు. నడుమనే ఏం లేదు."

 మంత్రిగారు నవ్వు చెదరకుండా కొంచెం వంగాడు.

"నడుమ ఉన్నది నేనే అవ్వా."

"గదే బిడ్డా. గాడనే ఖాళీగున్నది."

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ముందు వరుస దాకా రావడానికి ఎంతోసేపు పట్టలేదు. చెప్పులు పట్టుకున్నాయన వాటిని కుర్చీ కిందికి దాచాడు. పురుషోత్తమరావు మైకు లాక్కుని, "మంత్రివర్యులు ప్రజల్లో ఎంతగా లీనమైపోయారంటే, వారిని విడిగా చూడడం ఎవరి తరమూ కాదని లబ్ధిదారు భావం" అని అనువదించాడు. దాంతో నవ్వు మరింత పెద్దదైంది. అప్పటికే ఫోన్లన్నీ ఆ ముక్కను ఊరూరికీ మోసుకుపోయాయి.

వేదిక వెనక మంత్రిగారు అడిగింది ఒకే ప్రశ్న. "నేనెందుకు కనబడుత లేను?"

"చిన్న సాంకేతిక లోపం సర్" అన్నాడు పురుషోత్తమరావు. చెమటకు ఆయన చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"ఎల్లుండికల్ల నేను ఆమెకు కనబడాలె."

రోగం కోసం కదలని ఫైలు మంత్రిగారు కనబడడం కోసం కదిలింది. మర్నాటి ఉదయానికే ఉత్తర్వు వచ్చేసింది. విషయం: గౌరవ మంత్రివర్యులు లబ్ధిదారునికి కానరాకుండుట – సరిచేయుట – గురించి. ఇది చికిత్స కిందికి రాదనీ, ప్రోటోకాల్ లోపాన్ని సవరించడమే కాబట్టి డబుల్ బెనిఫిట్ నిబంధన వర్తించదనీ అందులో స్పష్టంగా రాశారు. పాలగుట్ట ఫ్రిజ్‌లోని మందును సైరన్ మోగించే కారులో తెచ్చారు. సులోచన సస్పెన్షన్ ఆర్డర్ మీద తేదీ వేయడానికి కూడా ఎవరికీ తీరిక దొరకలేదు. వేస్తే ఎనిమిది వందల శాతం అబద్ధమని ఒప్పుకోవాల్సి వస్తుందని తర్వాత తెలిసింది.

డాక్టర్ శశాంక ఉత్తర్వును మూడుసార్లు చదివాడు. అర్థం కాకపోయినా మడిచి జేబులో పెట్టుకుని, చేతులు కడుక్కుని, మందు వేసి, కళ్లకు కట్టు కట్టాడు.

"ఎల్లుండి అంటే కుదరదండీ. జీన్లకు ఉత్తర్వులు అందడానికి కొన్ని వారాలు పడుతుంది" అని పురుషోత్తమరావుకు చెప్పాడు. పురుషోత్తమరావుకు ఆయన మాట పూర్తిగా అర్థమైంది అప్పుడే మొదటిసారి.

ఆ వారాలన్నీ సులోచన తల్లి పక్కనే ఉంది. పొద్దున లేవగానే, కట్టు వెనక వెలుతురేమైనా తెలుస్తోందా అని అడగాలనిపించేది. అడగడానికి భయమేసి, చాయ్ తాగుతవా అని అడిగేది.

కట్టు విప్పడానికి డాక్టరు పెట్టిన రోజున పురుషోత్తమరావు ఊటబావి వచ్చాడు. చంకలో మంత్రిగారి పటం ఉంది, పటం కట్టిన వాళ్లు దానికి బంగారు రంగు చట్రం కూడా వేశారు. లబ్ధిదారు ఆ పటాన్ని చూసి గుర్తుపట్టినట్టు వేలిముద్ర వేస్తే ఫైలు మూసేయవచ్చు. ఐలవ్వను వాకిట్లో వెలుతురులో కూర్చోబెట్టారు. ఆయన ఎదురుగా నిలబడి, పటాన్ని రెండు చేతులతో ఛాతీ దాకా ఎత్తి పట్టుకున్నాడు. పక్కన సులోచన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

డాక్టరు కళ్ల మీది కట్టు తీశాడు.

ఐలవ్వ రెప్పలు కొట్టింది. ఆవిడ చూపు పటం మీద పడి, ఆగకుండా పక్కకు జరిగింది. సులోచన దగ్గర ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది. చెయ్యి చాచి కూతురి గడ్డం పట్టుకుని, కొంగు పక్కకు తీసి, నుదురు, కళ్ల కింద చారలు, చెంపల పక్కన తెల్లబడ్డ వెంట్రుకలు ఒక్కొక్కటీ చూసింది.

"ఏందే సులోచనా, గింత ముసలిదానివైనవేందే? నీకేం రోగమొచ్చిందే?"

సులోచనకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తల్లి ఒడిలో మొహం పెట్టబోతే ఐలవ్వ పెట్టనివ్వలేదు. గడ్డం వదలకుండా పైకి ఎత్తే పట్టుకుంది.

పురుషోత్తమరావు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఈ పటంలో మంత్రివర్యులు..."

"ఆగు బిడ్డా, ఆయిన యాడికి పోతడు" అంది ఐలవ్వ, ఆయన వైపు తల తిప్పకుండా. "ముందు నా బిడ్డను చూసుకోనీ."

పటం బరువుగా ఉంది. దింపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి పురుషోత్తమరావు దాన్ని అలాగే పట్టుకుని, కొంచెం పక్కకు జరిగి నిలబడ్డాడు.